పాస్టర్ గారు అలసిపోయి ఉన్నప్పుడు కొత్త సంఘాన్ని ప్రారంభించవచ్చా?

ప్రశ్న – ఆవగింజ

అందరికీ ప్రభువు నామంలో వందనములు.

నేను మా సంఘంలో ఏడేళ్లుగా పెద్దగా ఉన్నాను. ఆదివారం ఆరాధనకు చాలా దూరం నుండి వచ్చే కుటుంబాలు మాకు పదకొండు ఉన్నాయి. అవన్నీ దాదాపు ఒకే ప్రాంతంలో ఉంటాయి కాబట్టి అక్కడే ఒక కొత్త సంఘాన్ని ప్రారంభించాలనే ఆలోచన రెండేళ్లుగా మా మధ్య నలుగుతోంది. ప్రతి గురువారం సాయంత్రం అక్కడ ఒకరి ఇంట్లో గృహకూడిక జరుగుతోంది. మా సంఘం గడప ఎన్నడూ తొక్కని ఇరుగుపొరుగువారు నలుగురైదుగురు దానికి క్రమంగా వస్తున్నారు.

పోయిన నెల పెద్దల సమావేశంలో ఈ విషయం తేల్చాలని కూర్చున్నాము. అందరూ మాట్లాడిన తర్వాత మా పాస్టర్ గారు, "మీరు ఏ నిర్ణయం తీసుకున్నా నేను అడ్డు చెప్పను, కానీ ఇంకొక సంఘం భారాన్ని మోసే శక్తి నాలో లేదు" అని తల దించుకున్నారు. పదహారేళ్లుగా ఆయన పరిచర్యను చూస్తున్న నేను ఆయన నోట అటువంటి మాట వినడం అదే మొదటిసారి.

ఆ రోజు నుండి పెద్దలలో రెండు అభిప్రాయాలు ఏర్పడ్డాయి. ముందు పాస్టర్ గారు కోలుకోవాలని, అంతవరకు కొత్త సంఘం మాట ఎత్తకూడదని కొందరు అంటున్నారు. సువార్త పని ఒక్క వ్యక్తి బలం మీద ఆధారపడి ఆగిపోకూడదని, వేదాంత శిక్షణ ముగించుకొని వచ్చిన ఒక యౌవనస్థుణ్ణి అక్కడికి పంపితే సరిపోతుందని మరికొందరు అంటున్నారు. నాకు రెండు వాదనలూ సగమే సరైనవిగా తోస్తున్నాయి. మొదటి మాట ప్రకారం నడిస్తే గురువారం కూడికకు ఆశతో వస్తున్నవారిని ఎవరు చూసుకోవాలి? రెండవ మాట ప్రకారం నడిస్తే, ఇక్కడ ఒక కాపరి అలసిపోయినట్టే అక్కడ ఇంకొక కాపరి అలసిపోడని మనకు ఎవరు చెప్పగలరు?

సంఘ స్థాపనలో అనుభవం ఉన్నవారు, పరిచర్యలో అలసిపోయి మళ్లీ లేచినవారు మీకు తెలిసిన సంగతులు చెప్పగలరని మనవి. కాపరిని ప్రోత్సహించడమంటే మేము ఇంతవరకు ఆదివారం "సందేశం చాలా బాగుంది అయ్యగారు" అనడమే అనుకున్నాము. అది చాలదని ఇప్పుడు అర్థమైంది.

జవాబు – పాత కాపరి

సహోదరా, మీ పాస్టర్ గారి మాటను దయచేసి నిరాకరణగా తీసుకోకండి. అది ఆయన మీకు ఇచ్చిన నివేదిక. పైగా నిజాయితీ గల నివేదిక. సంఖ్యాకాండము 11వ అధ్యాయంలో మోషే, ఈ ప్రజలందరినీ ఒంటరిగా మోయడం నా వల్ల కాదని, ఇలాగే చేయదలచుకుంటే నన్ను చంపివేయమని దేవునితో అన్నాడు. దేవుడు ఆయన విశ్వాసం తక్కువైందని గద్దించలేదు. డెబ్బదిమంది పెద్దలను పోగుచేయమన్నాడు. బదరీవృక్షం క్రింద కూర్చుని చావు కోరుకున్న ఏలీయాకు కూడా మొదట దొరికింది ప్రసంగం కాదు. నిద్ర, రొట్టె, నీళ్లు, మళ్లీ నిద్ర, మళ్లీ రొట్టె. ఆ తర్వాతే పని అప్పగించబడింది, ఆ పనిలో భాగంగానే ఎలీషా అనే తోడు కూడా ఇవ్వబడ్డాడు. ఈ వరుసను నేను చాలా ఆలస్యంగా గమనించాను.

నా సంగతి చెబుతాను. నన్ను చిన్న వయసులో నా భార్యతో పాటు ఒక కొత్త ప్రాంతానికి సంఘం స్థాపించమని పంపించారు. పంపినవారు మంచివారే, నెలనెలా భృతి ఆలస్యం లేకుండా చేరేది. దానికి బదులుగా నెలనెలా నేను ఒక నివేదిక పంపాలి. ఆ కాగితంలో కూడికలు ఎన్ని, హాజరు ఎంత, బాప్తిస్మాలు ఎన్ని, పంచిన కరపత్రాలు ఎన్ని అనే గడులు ఉండేవి. మేము ఎలా ఉన్నామని అడిగే గడి లేదు. రెండవ సంవత్సరానికి నేను మనుషులను గడులలో వేయదగిన అంకెలుగా చూడటం మొదలుపెట్టాను. ఒక కుటుంబం ఊరు మారి వెళ్లిపోతే వారి కోసం ప్రార్థించడానికి ముందు హాజరు పట్టిక గుర్తుకు వచ్చేది. నాలుగవ సంవత్సరంలో నేను ఆ పనిని వదిలి వచ్చేశాను. ఆ చిన్న గుంపును వేరొక సేవకుడు దయతో చేరదీశాడు కాబట్టి అది బ్రతికింది. అందులో నా ఘనత ఏమీ లేదు.

అందుచేత మీ పెద్దలలో రెండవ వర్గంవారు చెబుతున్న మాటకు నేను భయపడుతున్నాను. శిక్షణ ముగించిన యౌవనస్థుణ్ణి ఒంటరిగా పంపడం చూడటానికి సులువుగా ఉంటుంది, ఎందుకంటే పంపే సంఘం తన బలమైనవారిలో ఎవరినీ వదులుకోనక్కరలేదు. అంతియొకయ సంఘం అలా చేయలేదు. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయం మొదటి వచనంలో ఆ సంఘపు ప్రవక్తల, బోధకుల పేర్లు ఐదు ఉన్నాయి: బర్నబా, నీగెరనబడిన సుమెయోను, కురేనీయుడైన లూకియ, మనయేను, సౌలు (తర్వాత పౌలు అనబడినవాడు). ఆ ఐదుగురిలో ఇద్దరిని, అందులోనూ మొదట వ్రాయబడిన బర్నబాను, పంపివేశారు. నాయకత్వంలో ఐదింట రెండు వంతులు అన్నమాట. మిగిలిన ముగ్గురికి పని పెరిగి ఉంటుంది. ఆ సంగతి తెలిసే వారు ఉపవాసముండి, ప్రార్థన చేసి, చేతులుంచి పంపించారు. పంపబడినవారు తిరిగి వచ్చినప్పుడు సంఘం అంతటినీ సమకూర్చి జరిగినదంతా వివరించారు, ఆ మీదట శిష్యులతో చాలాకాలం గడిపారు. "చాలాకాలం గడిపారు" అనే ఆ మాటను మన పంపే సంఘాలు ఎక్కువగా చదవవు.

మీ మొదటి వర్గంవారి మాటలోనూ ఒక పొరపాటు ఉంది. పాస్టర్ గారు కోలుకున్న తర్వాత మళ్లీ అదే బరువును ఆయన భుజాల మీదనే పెట్టాలనే ఊహ వారి మాట వెనుక దాగి ఉంది. ఆయన విశ్రాంతి తీసుకొని రేపు తిరిగి వచ్చినా పని పంచుకొనేవారు పెరగకపోతే మరో మూడేళ్లకు మీరు ఇదే ప్రశ్న మళ్లీ అడుగుతారు. ఆయన మోస్తున్న పనులలో ఏవేవి ఆయనే చేయాలి, ఏవేవి అలవాటు వల్ల ఆయన దగ్గర చేరాయి అనే లెక్కను ముందు తీయండి. కొత్త సంఘానికి కావలసిన మనుషులు ఆ లెక్కలోంచే బయటికి వస్తారని నా నమ్మకం.

జవాబు – బెరయ చదువరి

అన్నగారి మాటలతో నేను ఏకీభవిస్తున్నాను, కానీ ఎవరూ అడగని ఒక ప్రశ్న అడగడానికి అనుమతి ఇవ్వండి. ఆ పదకొండు కుటుంబాలు ఉండే ప్రాంతంలో ఇప్పటికే సంఘాలు ఉన్నాయా? ఉంటే, వాటి కాపరులతో మీరు ఒక్కసారైనా మాట్లాడారా? వేరొకని పునాది మీద కట్టకుండా, క్రీస్తు నామము ఎరుగని చోట సువార్త ప్రకటించాలన్నదే తన అభిలాష అని పౌలు రోమీయులకు వ్రాశాడు. మన కాలంలో సంఘ స్థాపన అనే పేరుతో జరిగే పనిలో కొంత భాగం, ఒప్పుకోవడానికి కష్టమైనా, ఒక మందలోని గొర్రెలు ఇంకొక మందకు మారడమే. ఒక చోట నూరుమంది పెరిగారని సాక్ష్యం చెప్పుకుంటారు. వేరొక చోట ఒక కాపరి ఖాళీ కుర్చీల వైపు చూస్తూ నేను ఎక్కడ తప్పిపోయానా అని కుమిలిపోతాడు. కాపరుల ప్రోత్సాహం గురించి మాట్లాడే మనం, మన స్థాపన వల్ల నిరుత్సాహపడే కాపరి ఎవరైనా ఉన్నాడేమో ముందు చూసుకోవాలి కదా.

ఇంకొక విషయం. కొన్ని కొత్త సంఘాలు నిజానికి చీలికలే. పేరు మాత్రం స్థాపన. మార్కు అనే తోటి పనివాని విషయంలో పౌలు బర్నబాలు తీవ్రంగా భేదించి విడిపోయినందువల్ల రెండు బృందాలు బయలుదేరిన మాట నిజమే కానీ, దేవుడు ఒక తగవులో నుండి కూడా మేలు పుట్టించాడని చెప్పడానికి ఆ సంగతి పనికి వస్తుందే తప్ప, తగవును ఒక పద్ధతిగా చేసుకోవడానికి కాదు. మీ పదకొండు కుటుంబాలలో మీ పాస్టర్ గారి మీదనో, పెద్దల మీదనో అసంతృప్తి ఉన్నవారు ఎందరో నెమ్మదిగా తెలుసుకోండి. అసంతృప్తిని పునాదిగా వేసుకొని లేచిన సంఘానికి కొత్త కాపరి వచ్చిన కొంతకాలానికే ఆయన మీద కూడా అదే అసంతృప్తి మొదలవుతుంది.

అయితే గురువారం కూడికకు ఏ సంఘానికీ చెందని పొరుగువారు వస్తున్నారని మీరు వ్రాసిన వాక్యం నాకు ఊరట కలిగించింది. నేను మీ స్థానంలో ఉంటే ఆ నలుగురైదుగురి పేర్లే ముందు పెట్టుకొని ఆలోచిస్తాను.

జవాబు – ఇంటి దీపం

నేను ఒక కాపరి భార్యను. ప్రోత్సాహం గురించి అన్నగారు అడిగారు కాబట్టి ఇంటి లోపలి నుండి కనిపించేది చెబుతాను.

మన తెలుగు బైబిలులో బర్నబా అనే పేరుకు "హెచ్చరిక పుత్రుడు" అని అర్థం చెప్పబడింది. ఇప్పటి మన చెవులకు హెచ్చరిక అంటే జాగ్రత్త సుమా అని బెదిరించడంలా వినబడుతుంది. అక్కడ ఉన్న గ్రీకు మాటకు ధైర్యం చెప్పడం, ఆదరించడం, పక్కన నిలబడి ముందుకు నడిపించడం అనే భావాలు ఉన్నాయి. కొన్ని సంఘాలు మాత్రం తమ కాపరికి ఇప్పటి అర్థంలోనే హెచ్చరిక పుత్రులుగా ఉంటాయని నేను నవ్వుతూ అంటుంటాను, నా భర్త నవ్వరు.

ఆ బర్నబా చేసిన పని చూడండి. అంతియొకయలో సంఘం పెరుగుతున్నప్పుడు యెరూషలేము వారు ఆయనను చూసి రమ్మని పంపారు. ఆయన అక్కడ దేవుని కృపను చూసి సంతోషించాడు. తప్పులు వెదకడంతో మొదలుపెట్టలేదు. పని పెద్దదైందని గ్రహించి, తార్సుకు వెళ్లి సౌలును వెదకి తీసుకొని వచ్చాడు. తనకంటే గొప్ప బోధకుడు కాబోయేవాణ్ణి తానే పిలుచుకొని వచ్చి, ఒక సంవత్సరమంతా అతనితో కలిసి బోధించాడు. సాయం అడగడం బలహీనత అనుకొనే కాపరులు, సాయం తెచ్చుకొన్న కాపరిని అనుమానంగా చూసే పెద్దలు ఈ భాగం దగ్గర కాసేపు ఆగితే మంచిది.

పొగడ్త చెడ్డదని నేను అనను. కానీ "సందేశం బాగుంది" అన్న మాట ఇంటికి చేరేలోపే ఆవిరైపోతుంది. "మీరు ఫలానా రోజు చెప్పిన మాట వల్ల నేను నా అన్నతో మళ్లీ మాట్లాడాను" అని ఒకరు చెప్పిన మాట మా ఇంట్లో నెలల తరబడి నిలిచింది. దానికంటే ఎక్కువగా మాకు బలాన్నిచ్చింది మాటలు కావు. ఒక పెద్ద వచ్చి, కుటుంబ తగవులలో మొదటి సంప్రదింపు ఇకమీదట మేము ఇద్దరం చూసుకుంటాము, మా వల్ల కాకపోతేనే అయ్యగారి దగ్గరికి తెస్తాము అన్నాడు. ఆసుపత్రిలో ఉన్నవారిని చూసే పని నలుగురు స్త్రీలు వారాలు వేసుకొని పంచుకున్నారు. వారంలో ఒక పగలంతా ఫోను నా భర్త దగ్గర కాక ఇంకొకరి దగ్గర ఉంటుంది. ఇంతే. మూడు పనులు. ఆ సంవత్సరం నా భర్త పదేళ్ల తర్వాత మొదటిసారి, ఆదివారం కోసం కాక తన కోసం బైబిలు చదువుకోవడం నేను చూశాను.

జీవితపు చివరి రోజులలో పౌలు తిమోతికి ఏమి అడిగి పంపాడో గుర్తు చేసుకోండి. త్వరపడి నా యొద్దకు రమ్మన్నాడు, మార్కును వెంటబెట్టుకొని రమ్మన్నాడు, త్రోయలో కర్పు దగ్గర విడిచిన అంగీని, పుస్తకాలను, ముఖ్యంగా చర్మపు కాగితాలను తెమ్మన్నాడు, చలికాలం రాకముందే రావడానికి ప్రయత్నం చేయమన్నాడు. ఇన్ని సంఘాలు స్థాపించిన అపొస్తలునికి కావలసింది తోడు, వెచ్చని బట్ట, చదువుకోవడానికి పుస్తకాలు. ఈ పుస్తకాల సంగతిని పందొమ్మిదవ శతాబ్దంలో సుసన్నా స్పర్జన్ గారు బాగా అర్థం చేసుకున్నారు. ఆమె భర్త ఛార్లెస్ స్పర్జన్ లండనులో వేలమందికి బోధించేవారు. తీవ్రమైన మనోవేదనతో పలుమార్లు కృంగిపోయిన సంగతిని ఆయనే దాచుకోకుండా చెప్పారు. ఆమె స్వయంగా ఆరోగ్యం లేని మనిషి, ఎక్కువకాలం ఇల్లు కదలలేకపోయారు. 1875లో భర్త ఉపన్యాసాల పుస్తకం చేతికి వచ్చినప్పుడు, దీనిని పేద కాపరులందరికీ పంపగలిగితే బాగుండునని అనుకొని, తాను దాచుకున్న నాణేలు లెక్కపెట్టి 100 ప్రతులు కొని పంపారు. అది పుస్తక నిధిగా పెరిగి, పుస్తకాలు కొనుక్కోలేని ఎందరో కాపరులకు చేరింది. ఆమె ఎవరికీ ప్రసంగం చేయలేదు, కమిటీ వేయలేదు, మంచం దగ్గర నుండే కాపరులను నిలబెట్టారు.

మీ పాస్టర్ గారి భార్యతో మీ పెద్దలలో ఎవరి భార్య అయినా ఈ నెలలో కూర్చుని మాట్లాడారా అని అడగాలని ఉంది. పెద్దల సమావేశంలో ఆయన అన్న మాటను ఆమె ఇంట్లో చాలాకాలం ముందే విని ఉంటుంది.

జవాబు – లెక్కల పుస్తకం

నేను మా సంఘ కోశాధికారిని. డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. ఆత్మీయ చర్చలో లెక్కలు తెచ్చానని ఎవరూ నొచ్చుకోకండి, ఎందుకంటే నేను చూసిన కాపరుల నిద్రలేమిలో సగం ఈ లెక్కల వల్లనే.

కొత్త సంఘానికి ఇచ్చే సహాయం గురించి రెండు పాత అనుభవాలు మనకు ఉన్నాయి. 1841 నుండి 1872 వరకు ఇంగ్లండులోని చర్చి మిషనరీ సొసైటీకి కార్యదర్శిగా ఉన్న హెన్రీ వెన్, అదే కాలంలో అమెరికాలో మిషను బోర్డును నడిపిన రూఫస్ ఆండర్సన్ ఇద్దరూ, సంఘం తన ఖర్చును తానే భరించాలని, తన పాలనను తానే చూసుకోవాలని, సువార్తను తానే వ్యాపింపజేయాలని చెప్పారు. చైనాలో పనిచేసిన జాన్ నీవియస్ 1890లో సియోలుకు వెళ్లి, అక్కడి కొత్త మిషనరీలతో రెండు వారాలు గడిపి ఇదే దారిని వివరించారు. విశ్వాసులు తమ తమ వృత్తులలోనే ఉండి సాక్ష్యమివ్వాలి, ఆరాధనా మందిరాన్ని తమ శక్తికి తగినట్టు తామే కట్టుకోవాలి, క్రమమైన బైబిలు తరగతులు అందరికీ ఉండాలి అనేవి ఆయన ముఖ్యమైన సూచనలు. కొరియా సంఘాలు ఆ దారిలో నడిచి బలంగా పెరిగాయి. ఆ పెరుగుదలకు వేరే కారణాలు కూడా ఉన్నాయి కానీ, బయటి డబ్బుతో కట్టిన భవనం కంటే సొంత కానుకలతో కట్టుకున్న పాక ఎక్కువకాలం నిలుస్తుందన్న సంగతిని ఆ అనుభవం చూపింది.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. సొంత కాళ్ల మీద నిలబడాలనే సూత్రాన్ని పట్టుకొని కొందరు కొత్త కాపరిని మొదటి రోజు నుండే వట్టి చేతులతో వదిలేస్తారు. ఆ సూత్రం సంఘాన్ని ఉద్దేశించి చెప్పినది. ఆ మనిషిని పస్తులు ఉంచడానికి కాదు. పనివాడు తన జీతమునకు పాత్రుడనే మాట తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో ఉంది. కొరింథులో పౌలు అకుల ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టిన మాట అందరూ చెబుతారు. సీల, తిమోతి మాసిదోనియ నుండి వచ్చిన తర్వాత ఆయన వాక్యం బోధించడంలోనే నిమగ్నుడయ్యాడని ఆ అధ్యాయంలోనే ఉంది. మాసిదోనియ నుండి వచ్చిన సహోదరులు తన అక్కర తీర్చారని ఆయనే తర్వాత కొరింథీయులకు వ్రాశాడు. అంటే ఆయన చేతిపని చేశాడు, సహాయం అందినప్పుడు ఆ పని భారం తగ్గించుకున్నాడు. పైగా ఆ సహాయం పంపినవారు ధనవంతులు కారు. తాను థెస్సలొనీకలో ఉన్నప్పుడు కూడా ఫిలిప్పీ సంఘం ఒకటి రెండుసార్లు తన అవసరానికి పంపిందని పౌలు కృతజ్ఞతతో వ్రాశాడు; ఫిలిప్పీ సంఘం అప్పటికి కొన్ని వారాల పసిబిడ్డ.

మేము చేసిన విధానం చెబుతాను, నచ్చితే తీసుకోండి. కొత్త కాపరి భృతిని మొదటి సంవత్సరం పంపే సంఘం పూర్తిగా ఇచ్చింది; తర్వాత ప్రతి సంవత్సరం మా వాటా తగ్గి, కొత్త సంఘపు వాటా పెరుగుతూ నాలుగవ సంవత్సరానికి పూర్తిగా వారిదే అయ్యేలా కాగితం మీద వ్రాసుకొని ఇరువైపులా సంతకాలు చేశాము. ఎప్పుడు తగ్గుతుందో ముందే తెలియడం వల్ల ఆ కాపరికి ప్రతి నెలా మా ముఖం చూడవలసిన అవసరం కలగలేదు. రెండవ షరతు, మా సొంత పాస్టర్ గారి జీతంలో నుండి ఒక్క పైసా కూడా ఈ పనికి కోయకూడదని. పాత కాపరిని పస్తు పెట్టి కొత్త కాపరిని పంపడం ఒక దీపం నూనె తీసి ఇంకొక దీపంలో పోయడమే. స్థలం కొనడం, భవనం కట్టడం గురించి మొదటి మూడేళ్లు మాట్లాడకూడదని కూడా నిశ్చయించుకున్నాము. ఆ మూడవ షరతును మేము రెండున్నరేళ్లకే మీరాము, దానికి ఇప్పటికీ అప్పు తీరుస్తున్నాము.

ప్రశ్న అడిగినవారి మాట – ఆవగింజ

మీ అందరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. మూడు వారాలు ఆలస్యంగా వ్రాస్తున్నందుకు మన్నించండి. ఈ మూడు వారాలలో కొన్ని సంగతులు జరిగాయి.

పాత కాపరి గారు చెప్పినట్టు పాస్టర్ గారు వారంలో చేసే పనుల లెక్క తీశాము. ఆయన ముందు ఒప్పుకోలేదు, తర్వాత కాగితం మీద వ్రాసి ఇచ్చారు. ముప్పై ఒకటి పనులు వచ్చాయి. అందులో వాక్యం, ప్రార్థన, నాయకులను తయారుచేయడం వంటి ఆయనే చేయవలసినవి ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి. మిగిలినవాటిలో ధ్వని పరికరాల మరమ్మతు నుండి మందిరపు తాళాల వరకు ఉన్నాయి. తాళాల విషయం చూసి మేము సిగ్గుపడ్డాము. పదమూడు పనులు ఇప్పటికే చేతులు మారాయి. నా భార్య, ఇంకొక పెద్ద భార్య కలిసి అమ్మగారిని చూసి వచ్చారు. వారు ఏమి మాట్లాడుకున్నారో మేము అడగలేదు.

బెరయ చదువరి గారి మాట మీద ఆ ప్రాంతంలోని ఇద్దరు కాపరులను కలిశాము. ఒకరు సంతోషించారు. రెండవవారు మొదట ముభావంగా ఉన్నారు కానీ, వారి సంఘస్థులు ఎవరైనా మా దగ్గరకు వస్తే ముందు ఆ కాపరితో మాట్లాడకుండా చేర్చుకోబోమని మేము మాట ఇచ్చిన తర్వాత మా కోసం ప్రార్థన చేసి పంపించారు.

ఇప్పుడు ఒక్క చిక్కు మిగిలింది. గురువారం కూడికను నడిపించే సహోదరుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు, వేదాంత కళాశాలలో చదవలేదు, బాప్తిస్మం పొంది ఐదేళ్లే అయింది. కానీ ఆ పొరుగువారు ఆయనను చూసే వస్తున్నారు. శిక్షణ పొందిన యౌవనస్థుణ్ణి ఆయన మీద నాయకుడిగా పెట్టాలా, లేక ఆయననే పెద్దగా నియమించాలా? క్రొత్తగా చేరినవాడు అధ్యక్షుడు కాకూడదని తిమోతికి వ్రాయబడింది. మరి పౌలు బర్నబాలు మొదటి ప్రయాణంలోనే, తిరుగు దారిలో, ప్రతి సంఘంలోనూ పెద్దలను ఏర్పరచారు కదా, ఆ రెంటినీ ఎలా పొందుపరచుకోవాలి?

జవాబు – పాత కాపరి

చాలా సంతోషం సహోదరా. ముప్పై ఒకటి అనే అంకె చూసి నాకు ఆశ్చర్యం కలగలేదు, మీ పాస్టర్ గారు అది వ్రాసి ఇచ్చారన్నందుకు మాత్రం దేవునికి స్తోత్రం.

మీ చిక్కు గురించి నా అభిప్రాయం ఇది. లుస్త్ర, ఈకొనియ, పిసిదియలోని అంతియొకయ సంఘాలలో ఏర్పడిన పెద్దలు సంవత్సరాల లెక్కలో కొత్తవారే కావచ్చు. కానీ వారిలో కొందరైనా సమాజమందిరాలలో లేఖనాలు విని పెరిగినవారై ఉండాలి. తిమోతి ఇంట్లోనే అమ్మమ్మ లోయి, తల్లి యునీకే ఉన్నారు. అపొస్తలులు వెళ్లిపోయిన తర్వాత వచ్చిన శ్రమలలో వారు పరీక్షింపబడ్డారు కూడా. పౌలు మీద రాళ్లు రువ్వబడిన ఊరిలో నిలబడినవాణ్ణి తొందరపడి నియమించారని ఎవరూ అనలేరు. ఎఫెసులో తిమోతి ఎదుర్కొన్న పరిస్థితి వేరు. అక్కడ సంఘం స్థిరపడి, బోధకులు కావాలనుకొనేవారు పెరిగి, గర్వపడే ప్రమాదం దగ్గరలో ఉంది. కాబట్టి మీరు ఐదేళ్లా పదేళ్లా అని కాక, ఆ సహోదరుడు కష్టంలో ఎలా ఉన్నాడు, ఇంట్లో ఎలా ఉన్నాడు, దిద్దుబాటును ఎలా తీసుకుంటాడు అని చూడండి. దిద్దుబాటు సంగతి ముఖ్యంగా చూడండి.

పెద్ద అనే పేరు ఇవ్వడానికి తొందరలేదు, పని ఇవ్వడానికి తొందర ఉంది. ఆయనకు పని ఇప్పుడే ఇవ్వండి, పేరు ఒక సంవత్సరం తర్వాత ఇవ్వండి. శిక్షణ పొందిన యౌవనస్థుణ్ణి ఆయన మీద కాక ఆయన పక్కన పెట్టండి. ఒకరికి లేఖనం బాగా తెలుసు, ఇంకొకరికి ఆ వీధి బాగా తెలుసు. ఇద్దరూ ఒకరి నుండి ఒకరు నేర్చుకోకపోతే మొదటి ఆరు నెలల్లోనే మీకు తెలిసిపోతుంది, అప్పటికి ఇంకా ఏ సంతకాలూ అయి ఉండవు.

ఇక మీ పాస్టర్ గారి పాత్ర. ఆయన అక్కడికి వెళ్లి బోధించనక్కరలేదు. కొలొస్సయి సంఘాన్ని పౌలు చూడను కూడా లేదు. ఆ ఊరివాడే అయిన ఎపఫ్రా నుండి వారు సువార్త నేర్చుకున్నారు. పౌలు ఎఫెసులో తురన్ను పాఠశాలలో రెండేళ్లు ప్రతిదినం తర్కించిన కాలంలో ఆసియ అంతటా వాక్యం వినబడిందని లూకా వ్రాశాడు. ఎపఫ్రా ఆ కాలంలోనే వాక్యం నేర్చుకొని ఉంటాడని చాలామంది వ్యాఖ్యాతలు తలుస్తారు. మీ పాస్టర్ గారు ఉన్నచోటనే ఉండి, వారానికి ఒక్క పూట ఆ ఇద్దరితో కూర్చుంటే చాలు. అది ఆయన చేయవలసిన ఎనిమిది తొమ్మిది పనులలో ఇప్పటికే ఉంది. కొత్త బరువు కాదు.

వెంటనే ఫలితం కనబడకపోతే ఆ యౌవనస్థునికి ఒక సంగతి చెప్పి ఉంచండి. ఛార్లెస్ సిమియోన్ 1782లో కేంబ్రిడ్జిలోని హోలీ ట్రినిటీ సంఘానికి వచ్చినప్పుడు, వేరొకరు కావాలని కోరుకున్న ఆ సంఘస్థులు తలుపులున్న తమ తమ ఆసనాలకు తాళాలు వేసుకొని వెళ్లిపోయారు. వినడానికి వచ్చినవారు నడవలలో నిలబడవలసి వచ్చింది. ఆయన సొంత ఖర్చుతో బల్లలు వేయిస్తే వాటిని కూడా బయట పారవేశారు. వ్యతిరేకత ఏళ్ల తరబడి సాగింది. ఆయన 1836లో చనిపోయేవరకు, 54 సంవత్సరాలు, ఆ సంఘంలోనే ఉన్నారు. ఆయన ఇంట్లో కూర్చుని వాక్యం గురించి మాట్లాడుకొన్న విద్యార్థులు కాపరులుగా, మిషనరీలుగా దూరదూరాలకు వెళ్లారు. అయితే ఈ కథను తాళాలు వేసేవారి చేతికి ఇవ్వకండి. కాపరి ఓర్చుకుంటాడులే అనుకోవడానికి వారికి ఇది ఒక సాకు అవుతుంది.

ప్రశ్న అడిగినవారి మాట – ఆవగింజ

అన్నగారూ, మీ మాట ప్రకారమే నిర్ణయించాము. స్థాపన ఆరాధన తేదీని ఎనిమిది నెలలు వాయిదా వేశాము. ఇద్దరు పెద్దలు, నాలుగు కుటుంబాలు మొదటి నుండి అక్కడే ఉంటామని ఒప్పుకున్నారు. అందులో మా పాటల బృందాన్ని నడిపించే కుటుంబం కూడా ఉంది, వారిని వదులుకోవడం మాకు కష్టంగానే ఉంది. భృతి విషయం లెక్కల పుస్తకం గారి నమూనా ప్రకారం వ్రాసుకున్నాము. నెలవారీ నివేదిక కాగితం కూడా తయారైంది. అందులో మొదటి గడి, "మీరు, మీ ఇంటివారు ఎలా ఉన్నారు?"

పోయిన గురువారం మా పాస్టర్ గారు చెప్పకుండా గృహకూడికకు వచ్చారు. బోధించమని అడిగితే వద్దన్నారు. తలుపు దగ్గర చెప్పులు విడిచి, పిల్లల వెనుక కూర్చుని, చివరి పాట అయ్యేవరకు విన్నారు.